నీళ్ళు మావి, పడవలు మావి, రేవు మాత్రం లేదు

2014 నాటి రాష్ట్ర విభజన చట్టం పదమూడో షెడ్యూలులో మా తీరం పేరు ఒకటుంది. దుగరాజపట్నంలో కేంద్రం కొత్తగా మేజర్ పోర్టు కడుతుందనీ, తొలి దశ 2018 చివరికల్లా పూర్తవుతుందనీ అందులో రాశారు. ఆ పోర్టు రాలేదు. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి మరీ దగ్గరన్నారు, గిట్టుబాటు కాదన్నారు. దాని బదులు రామాయపట్నం అన్నారు. అక్కడ 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2022 జూలైలో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. కృష్ణపట్నానికి 2008 నుంచి పెద్ద ఓడలు వస్తున్నాయి. మత్స్యకారులు ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా జువ్వలదిన్నెలో సుమారు 290 కోట్లతో ఫిషింగ్ హార్బరు కట్టారు. 2024 ఆగస్టు 30న ప్రధాని దాన్ని ప్రారంభించారు.

వీటిలో దేన్నీ నేను వద్దనను. జువ్వలదిన్నె హార్బరు మా వాళ్ళకు దక్కాల్సిందే, ఇంకా ముందే దక్కాల్సింది. నా బాధ వేరే. ఇన్ని శిలాఫలకాలు వేసిన తీరంలో, చూడవచ్చిన మనిషి భద్రంగా పడవెక్కి భద్రంగా దిగే ఒక మంచి రేవు కట్టాలని ఎవరికీ తోచలేదు. వేల కోట్ల లెక్కలు వేసేవాళ్ళకు ఇది చిల్లర పని. పులికాట్ ఒడ్డున, బకింగ్‌హామ్ కాలువ గట్టున, ఉప్పుటేళ్ళ వెంట బతికే మా ఊళ్ళకు మాత్రం ఇదే పెద్ద పని. తమిళనాడు సరిహద్దున తడ నుంచి కావలి దాకా సందర్శకుల కోసం నాలుగైదు పడవ రేవులు కట్టి, వాటిని ఆ ఊరి పడవల వాళ్ళ సంఘాల చేతికే అప్పగించమని అడుగుతున్నాను. ఇది దయతలచి చేయమని అడిగే పని కాదు. ఈ తీరానికి ఆ యోగ్యత ఉందని ఒప్పుకోమంటున్నాను.

యోగ్యత అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? దుగరాజపట్నంతోనే మొదలుపెడతాను. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు మచిలీపట్నంలో నిలదొక్కుకోలేక, 1626లో అక్కడికొచ్చి గిడ్డంగి కట్టుకున్నారు, చుట్టూ ఫిరంగులు నిలిపి దాన్ని కోటలా చేసుకున్నారు. తమకు సాయం చేసిన ఆర్ముగం ముదలియారు పేరును తమ నోటికొచ్చినట్టు పలికి ఆ చోటుకు ఆర్మగాన్ అని పేరు పెట్టారు. ఆ గిడ్డంగి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే మనిషే 1639లో దక్షిణానికి వెళ్ళి, దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసుపట్నం ఇసక నేల కౌలుకు తీసుకున్నాడు. అంటే మద్రాసు మహానగరానికి బీజం మోసుకెళ్ళింది మా రేవు నుంచే. మద్రాసులో ఆ కౌలు నాటి తేదీన ఏటా ఉత్సవాలు చేసుకుంటారు. దుగరాజపట్నంలో దిగిన యాత్రికుడికి ఈ కథ చెప్పే పలకను నేను చూడలేదు. తీరానికి ఎదురుగా నీళ్ళ కింద పొడుగాటి ఇసక దిబ్బ ఉంది. అది అలల జోరు విరిచేయడంతో, దాని మాటున ఓడలు లంగరేసుకునేవి. పందొమ్మిదో శతాబ్దపు నావికులు ఈ చోటును బ్లాక్‌వుడ్ హార్బరు అన్నారు. నీటి సంగతి తెలిసినవాళ్ళు ఆ రోజుల్లోనే గుర్తించిన చోటు ఇది.

కాలువ సంగతి ఇంకా బాధాకరం. బకింగ్‌హామ్ కాలువను ఇప్పటి పిల్లలు మురికి గుంట అనుకుంటున్నారు. 1806 ప్రాంతంలో మద్రాసు దగ్గర ఎన్నూరు దాకా తవ్విన చిన్న కాలువ అది. తర్వాత ఉత్తరానికి కొంచెం కొంచెంగా పొడిగించుకుంటూ మా తీరం మీదుగా పెదగంజాం దాకా తెచ్చారు. 1876-78 మహా కరువులో తిండి లేక అల్లాడిన జనం కూలికి తవ్విన మట్టి ఈ కాలువలో ఉంది. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు, అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు మాత్రం నిలిచింది. రైలు నిలదొక్కుకునే దాకా, ఆ తర్వాత కూడా చాలాకాలం, మా ప్రాంతపు సరుకు మద్రాసుకు వెళ్ళింది దీని మీదే. శ్రీహరికోట అడవి కట్టెలు వెళ్ళాయి. ఉప్పు కొటార్ల నుంచి ఉప్పు, నెల్లూరు మాగాణి నుంచి బియ్యం వెళ్ళాయి. గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవాళ్ళు. లేకపోతే గట్టు మీద మనుషులు భుజాన తాడేసుకుని పడవను లాగేవాళ్ళు. అక్కడక్కడా లాకులుండేవి. లాకుల దగ్గర పూటకూళ్ళు, పడవలు బాగుచేసే వడ్రంగులు, ఓ చిన్న బజారు ఉండేవి.

1960ల తుపానుల్లో గట్లు తెగాయి, పూడిక పడింది. లారీలొచ్చాక కాలువను తలచుకున్నవాడే లేడు. అలాంటి కాలువ 2004 డిసెంబరు 26న మా ప్రాణాలు కాపాడింది. సునామీ నీళ్ళు ఊళ్ళ మీదికి తోసుకొస్తుంటే, తీరానికి సమాంతరంగా ఉన్న ఈ కాలువ ఆ నీటిని చాలావరకు తనలో పట్టుకుంది, కాసేపటికి తిరిగి సముద్రంలోకి వదిలింది. ఆంధ్ర తీరంలో కాలువ మనుషులను ఎలా కాపాడిందో 2005లో కరెంట్ సైన్స్ అనే పత్రికలో శాస్త్రవేత్తలు రాశారు. దానికి కృతజ్ఞతగా మనం కాలువకు చేసిందేమిటి? 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలన్నిటినీ కలిపి నాలుగో జాతీయ జలమార్గం అన్నాం. మా నెల్లూరు గట్ల మీద నిలబడి చూస్తే ఆ జలమార్గంలో కనిపించేవి గుర్రపుడెక్క, తుమ్మ కంపలే.

వేసవిలో నెల్లూరు నుంచి మైపాడుకు, కావలి నుంచి తుమ్మలపెంటకు ఆదివారం ఎంత జనం పోతారో చూడండి. వాళ్ళంతా కాలువ వంతెన దాటే సముద్రానికి వెళ్తారు. వంతెన మీద బండి ఆపి కిందికి చూసేవాళ్ళుండరు. చూడటానికి ఏమీ మిగల్చలేదు కాబట్టి ఆపరు. నిజానికి ఆ వంతెనల దగ్గరే రేవు కట్టాలి. మైపాడు దగ్గర సముద్రంలోకి దిగడం ప్రమాదమని పోలీసులు హెచ్చరిక బోర్డులు పెడతారు, అయినా ఏటా ఎవరో ఒక కుర్రాడు మునిగిపోతూనే ఉన్నాడు. అలల్లేని కాలువలో పడవ మీద తిరిగే వీలుంటే, పిల్లలను తీసుకొచ్చిన తల్లిదండ్రులు ఆ కెరటాల్లోకి ఎందుకు దిగుతారు?

మా సముద్రం సంగతీ చెప్పాలి. ఇక్కడి తీరం వెంట ఇసక ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నైరుతి గాలులకు అది ఉత్తరానికి కొట్టుకుపోతుంది. సముద్రంలోకి రాళ్ళ గోడ కడితే దక్షిణం పక్క ఇసక మేట వేస్తుంది, ఉత్తరం పక్క ఊరు కోసుకుపోతుంది. కాబట్టి విహార పడవల కోసం సముద్రం మీద గోడలు కట్టమని అడగడం మా ఊళ్ళకు మేమే చేటు తెచ్చుకోవడం. మాకు ఆ అవసరమూ లేదు. గాలికీ అలకూ మాటున్న నీళ్ళు ప్రకృతి మాకు ఎప్పుడో ఇచ్చింది. కండలేరు ఉప్పుటేరు, కాలువ, అన్నిటికంటే పెద్దది పులికాట్.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అంతటి ఉప్పునీటి సరస్సు. ఉత్తర దక్షిణాలుగా అరవై కిలోమీటర్ల దాకా పొడవు, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ఆంధ్రలోనే ఉంది. తూర్పున శ్రీహరికోట దీవి సముద్రానికి అడ్డంగా పడుకుని ఉంటుంది. కాళంగి, స్వర్ణముఖి, దక్షిణాన ఆరణి తెచ్చిన మంచినీళ్ళు, సముద్రంలోకి తెరుచుకునే మొగల గుండా వచ్చే ఉప్పునీళ్ళు ఇందులో కలుస్తాయి. ఆ కలయిక వల్లే రొయ్య, పీత, మడవ చేప, వాటి కోసం పక్షులు. చలికాలంలో వేల రాజహంసలు గులాబీ రంగు బారులు తీరి నిలబడతాయి. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. 1976 నుంచి ఈ రెండూ అభయారణ్యాలు. చిలికాకు 1981లోనే, కొల్లేరుకు 2002లో చిత్తడి నేలలకిచ్చే రాంసార్ గుర్తింపు వచ్చింది. పులికాట్‌కు మాత్రం ఇవ్వలేదు. ఇంతటి సరస్సును ఆ జాబితాకు పంపించాలని ఎవరికీ పట్టలేదా?

సరస్సుకు ఊపిరి మొగలే. రాయదొరువు మొగ, తూపిలిపాళెం మొగ ఇసకతో మూసుకుపోయిన కొద్దీ ఉత్తరపు పులికాట్ ఎండిపోతోంది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు కట్ట సరస్సును అడ్డంగా చీల్చింది. వేసవిలో అక్కడ మోకాలి లోతు నీళ్ళు కూడా ఉండవు, పడవలు బురదలో కూరుకుపోతాయి. మొగ తవ్వించండని మత్స్యకార గ్రామాలు ఎన్ని అర్జీలు పెట్టుకున్నాయో, ఎందరు మంత్రులు పడవెక్కి చూసి వెళ్ళారో ఆ ఊళ్ళ పెద్దలకు తెలుసు. తమిళనాడు వైపు పళవేర్కాడులోనైతే మత్స్యకారులు విసిగిపోయి, తమలో తాము డబ్బు పోగేసుకుని మొగలో ఇసక తీయించుకున్నారు. ఊరి వాళ్ళే కలిసి పని నడపగలరనడానికి అంతకంటే రుజువేం కావాలి? చిలికాలో 2000 సెప్టెంబరులో ప్రభుత్వం కొత్త మొగ తవ్వించింది. కొద్ది ఏళ్ళలోనే చేపలు తిరిగొచ్చాయి, పడవలు తిరిగొచ్చాయి. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి 2002లో చిలికా బయటపడింది. అదే పని ఇక్కడ నిజంగా జరిగితేనే నేనడిగే రేవుల దగ్గర నీళ్ళుంటాయి. అందుకని మొగ తవ్వకాన్నీ రేవునీ విడదీసి చూడొద్దు.

సందర్శకులు రారేమో అనే మాట ఒకటి అధికారులు అంటూ ఉంటారు. రారా? 2001 నుంచి పక్షుల పండగ పేరుతో సూళ్ళూరుపేట, నేలపట్టు, తడ దగ్గర భీములవారిపాళెం జనంతో నిండిపోవడం చూశాం. మధ్యలో కొన్నేళ్ళు ఆపేసి 2025 జనవరిలో మళ్ళీ మూడు రోజులు చేశారు. పడవ ఎక్కడానికి భీములవారిపాళెంలో బారులు కట్టారు. 2019లో ఇస్రో శ్రీహరికోటలో రాకెట్ చూసే గ్యాలరీ తెరిచాక, ప్రయోగం ఉన్న రోజున ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వస్తున్నాయి. రాకెట్ లేచింది, చప్పట్లు కొట్టారు, చెన్నై హైవే ఎక్కారు. ఈ ఊళ్ళ చేతిలో ఒక్క టీ డబ్బులైనా పడతాయో లేదో. ఆ ప్రయోగం కోసం వేటకు వెళ్ళొద్దని హెచ్చరికలు అందుకునేది మాత్రం మా పడవల వాళ్ళే. దేశం కోసం ఆ నష్టాన్ని వాళ్ళు పెద్దగా ఏమీ అడగకుండానే భరించారు. రాకెట్ చూడవచ్చిన వాళ్ళకు మిగతా పూట సరస్సు చూపించి నాలుగు రూపాయలు సంపాదించుకునే అవకాశం వాళ్ళకు ఇవ్వడానికి ఏమిటి అడ్డం?

అడ్డంగా చెప్పేది ఒకటే, జాలర్లకు రేవు నడపడం చేతకాదని. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. పులికాట్‌లో పాడు అనే పద్ధతి తరతరాలుగా ఉంది. ఏ చోట ఎవరు వల కట్టాలో, ఏ రోజు ఎవరి వంతో చీట్లు వేసుకుని, అందరికీ మంచి చోటు వంతులవారీగా దక్కేలా చూసుకునే ఏర్పాటు అది. దేశదేశాల పరిశోధకులు వచ్చి దాన్ని చదువుకుని పుస్తకాలు రాశారు. మా పట్టపు మత్స్యకారుల పాళేల్లో కాపులనే ఊరి పెద్దలు కూర్చుని దురాయి అనే కట్టుబాటు వేస్తే, ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగదు. దురాయి తప్పుగా వాడిన సందర్భాలు లేవనను. దాన్ని చట్టానికి లోబడి ఉంచాల్సిందే. కానీ సరస్సంతటినీ కొట్లాట లేకుండా పంచుకోగలిగిన వాళ్ళకు, ఒక రేవులో ఇరవై పడవల వంతు చూసుకోవడం చేతకాదా? పులికాట్‌లోని ఇరకం దీవి వాళ్ళు బియ్యానికీ బడికీ ఆస్పత్రికీ పడవే దిక్కుగా బతికారు. ఏ గాలికి పులికాట్ ఎలా మారుతుందో, ఎక్కడ లోతుందో, ఎక్కడ గడ వేస్తే బురదలో దిగుతుందో వాళ్ళకు తెలిసినంత ఏ టెండరు కంపెనీకి తెలుస్తుంది?

చేసి చూపించిన వాళ్ళు ఉన్నారు. చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళజోడి అనే ఊరిలో ఒకప్పుడు పక్షులను చంపి అమ్ముకునేవాళ్ళు. ఆ వేటగాళ్ళే సంఘం పెట్టుకుని పక్షులకు కాపలాదారులయ్యారు, ఇప్పుడు గడలతో నడిపే నాటు పడవల్లో సందర్శకులను తిప్పుతున్నారు. ఇంజను చప్పుడు లేదు, పక్షి బెదరదు. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ వాళ్ళను గుర్తించింది. అదే చిలికాలో సాతపాడా పడవల వాళ్ళు సంఘం కట్టి డాల్ఫిన్లు చూపిస్తారు. అంత దూరం ఎందుకు, మన కాకినాడ దగ్గర కోరింగలో అటవీశాఖ స్థానికుల కమిటీలతో కలిసి మడ అడవిలో చెక్క బాటలు, పడవలు నడుపుతోంది. కొచ్చి బోల్గట్టిలో విదేశీ విహార నౌకలు ఆగేందుకు కేరళ పర్యాటక సంస్థ 2010లోనే మెరీనా కట్టింది. 2023లో అదే కొచ్చిలో నీటి మీద తేలే జెట్టీలతో, బ్యాటరీ పడవలతో వాటర్ మెట్రో మొదలై దీవుల్లో జనం బతుకు మార్చింది. ఇరకం మనిషికి ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు? సందర్శకుడి కోసం కట్టిన రేవులోనే పొద్దున దీవి పిల్లలు బడికి దిగుతారు. ఆస్పత్రికి పోవాల్సిన గర్భిణిని బురదలో మోసుకెళ్ళే దుస్థితీ తప్పుతుంది.

రేవు లేకపోతే ఏం జరుగుతుందో మనం చూశాం. 2011 క్రిస్మస్ రోజున పులికాట్‌లో తమిళనాడు వైపు పడవ మునిగి 22 మంది పోయారు. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో ఫెర్రీ ఘాట్ దగ్గర ఇరవై మందికి పైగా పోయారు, వాళ్ళలో ఒంగోలు, నెల్లూరు నుంచి వెళ్ళినవాళ్ళున్నారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పడవ మునిగి యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ప్రతిసారీ మొదటి ఉత్తర్వు ఒకటే, పడవలన్నీ ఆపేయండి. ఆపేస్తే జనం ఎక్కడం మానరు. చాటుగా, లైఫ్ జాకెట్ లేకుండా, చీకటి పడ్డాక ఎక్కుతారు. మనుషులను లెక్కపెట్టి ఎక్కించే చోటు, జాకెట్ తొడగకుండా కదలనివ్వని మనిషి, గాలి లేస్తే ఎర్రజెండా ఎత్తే అధికారం రేవు ఉంటేనే సాధ్యం.

ఖర్చు గురించి భయపడక్కర్లేదు. పులికాట్‌లో సగటు లోతు మీటరు అటూ ఇటూ, పోటుపాట్ల తేడా కూడా తక్కువే. ప్లాస్టిక్ డబ్బాల మీద తేలే జెట్టీ వేస్తే నీళ్ళతో పాటు లేస్తుంది, దిగుతుంది. కాంక్రీటు పోసి మడ అడవి కొట్టేయాల్సిన పని లేదు. నీడకు ఒక పాక, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు, టికెట్ గది, లోతు కొయ్యలు, రాత్రికి దీపం. రాజహంసలు మేసే చోటికి ఏ పడవా దగ్గరకు పోకుండా హద్దు గుర్తులు పెట్టాలి, వేగంగా దూసుకుపోయే స్పీడు బోట్లను అసలు రానివ్వకూడదు. ఈ షరతులు అటవీశాఖ పెట్టకముందే మేమే పెట్టుకుంటాం, ఎందుకంటే పక్షి వెళ్ళిపోతే మొదట పస్తుండేది మేమే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో 20 వేలకు పెంచారు, మంచిదే. కాలువ మీద, కండలేరు ఉప్పుటేరు మీద సందర్శకుల పడవలుంటే ఆ రెండు నెలలు మా కుర్రాళ్ళు చెన్నైకి కూలికి పోవాల్సిన అవసరం రాదు.

పర్యాటక శాఖ వాళ్ళు టెండరు పిలిచి ఎక్కడి నుంచో వచ్చిన కాంట్రాక్టరుకు ఇచ్చేస్తే, పడవలు నడిపే సరంగు కూడా బయటివాడే అవుతాడు, ఊరివాడు గేటు బయట బఠాణీలు అమ్ముకుంటాడు. అలా జరిగితే రేవు కట్టకపోయినా ఒకటే. టికెట్ డబ్బులో ఊరి వాటా ఎంతో, మొగ పూడిక తీయడానికి పక్కనపెట్టేది ఎంతో రేవు పునాది వేసే రోజునే కాగితం మీద రాయాలి.

నెల్లూరు, తిరుపతి జిల్లాల శాసనసభ్యులకు, ఇద్దరు కలెక్టర్లకు, పర్యాటక, మత్స్య, అటవీ శాఖల వాళ్ళకు నా మనవి. భీములవారిపాళెం, రాయదొరువు, కృష్ణపట్నం, మైపాడు, తుమ్మలపెంట, ఈ అయిదు చోట్లా గ్రామసభ పెట్టి పడవల వాళ్ళను పిలవండి. పక్షుల పండగ లేని రోజున రండి, మీరే పడవెక్కి చూడండి. వచ్చే బడ్జెట్‌లో రాయదొరువు మొగ తవ్వకానికి గడువు తేదీ, భీములవారిపాళెం రేవుకు ఒక పద్దు రాయండి. మిగిలిన నాలుగు చోట్ల సంగతి ఆ రేవు నడిచే తీరు చూశాకే తేల్చండి.